పిలిస్తే వస్తుంది

ఫిబ్రవరి 9, ఆదివారం

నూలు కొట్టువాళ్ళు పొంగలికి ఇచ్చిన డైరీ ఇది. అట్ట మీద వేలాయుధంతో మురుగన్. నెల రోజులుగా బీరువా మీద పడి ఉంటే ఇవాళ దుమ్ము తుడిచి తీశాను. తెలుగులో రాసుకుంటే ఈ ఇంట్లో చదివేవాళ్ళు లేరు. బావ చదివిన నాలుగు ముక్కలూ తమిళంలోనే. అత్తకు ఏ అక్షరమూ రాదు. ఐదో తరగతి దాకా తెలుగు బడిలో చదివినందుకు ఇన్నాళ్ళకు ఒక లాభం కనిపించింది.

రాసుకోవలసింది ఒక్కటే, ఆ చీటీ సంగతి. పోయిన నెల బాల్వాడికి వచ్చిన డాక్టరమ్మ ఇచ్చింది. మా తన్షికకు చెవి పరీక్ష చేయించాలట. తిరువళ్ళూరు పెద్దాసుపత్రిలో బుధవారం బుధవారం చూస్తారట. వినబడదని తేలితే ఆపరేషను చేసి చెవి లోపల మిషను పెడతారట, ఆరేళ్ళ లోపు పిల్లలకైతే ప్రభుత్వ బీమాలోనే అయిపోతుందట, కానీ ఎంత ఆలస్యమైతే మాట రావడం అంత కష్టమట. ఇన్ని 'అట'లు ఐదు నిమిషాల్లో చెప్పి వెళ్ళిపోయింది. మాది సొంతంలో పెళ్ళా అని కూడా అడిగింది. మేనత్త కొడుకును చేసుకున్నానన్నాను. ఆమె ఏదో రాసుకుంది. అలా రాసుకోవడం నాకు నచ్చలేదు.

చీటీ చింతపండు జాడీ వెనక ఉంది. బావకు చెప్పలేదు. చెప్పడానికి ఏముంది? నాలుగేళ్ళ నాలుగు నెలల పిల్ల ఇంకా మాట్లాడకపోతే చెవి మీదికి పోవడమేనా? బావ కూడా ఐదో ఏట గానీ నోరు విప్పలేదని అత్త వందసార్లు చెప్పింది.

తన్షిక పిలిస్తే వస్తుంది. అన్నానికి రమ్మంటే పళ్ళెం పట్టుకుని వస్తుంది. ఎర్ర దారం కండె అందించమంటే ఎర్రది, పచ్చది అంటే పచ్చది తెచ్చిస్తుంది. వినబడని పిల్ల ఇవన్నీ ఎలా చేస్తుంది? డాక్టరమ్మకు దానితో ఐదు నిమిషాల పరిచయం. నాకు నాలుగేళ్ళది.

ఫిబ్రవరి 10

ఇవాళ నా కొంగు లాగి గోడ మీద కాకిని చూపించింది. బాగానే ఉంది పిల్ల.

ఫిబ్రవరి 12, బుధవారం

వెళ్ళలేదు. నిన్న తైపూసం, మురుగన్ పండుగ. తిరుత్తణి కొండకు వచ్చిన జనం ఇంకా దిగలేదు, బస్సుల్లో కాలు పెట్టే చోటు లేదు. పోయిన బుధవారం నాకు జ్వరం. అంటే వేడిగా అనిపించింది.

బాల్వాడి టీచరు ఇంటికి వచ్చి చీటీ ఏమైందని అడిగింది. అత్త వెనక గదిలో ఉంది కాబట్టి సరిపోయింది. ఇంట్లో మీరు పిల్లతో మాట్లాడరా అని కూడా అడిగింది. నాకు ఒళ్ళు మండింది. ముందు హాల్లో నాలుగు కరెంటు మగ్గాలు, అదే మా షెడ్డు. వెనక వంట, పడక. ఎదురింట్లో ఆరు, పక్కింట్లో నాలుగు. వీధి వీధంతా పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా ఆడుతూనే ఉంటుంది. ఈ గోలలో మేము మాట్లాడుకోవడం లేదా? ఎదుటి మనిషి పెదవులు చూసి మాట అందుకుంటాం, చేతులు కొంచెం సాయం చేస్తాయి. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆ విద్య పట్టుబడడానికి నాకు రెండు నెలలు పట్టింది. తన్షిక ఉయ్యాల్లో ఉండగానే పట్టేసింది. మొదటి మగ్గం దగ్గర ఉన్న బావ నాలుగో మగ్గం దగ్గర ఉన్న నాతో ఏమంటున్నాడో నాకన్నా ముందు అదే తెలుసుకుంటుంది. పిల్ల తెలివి గురించి నాకు టీచరు చెప్పాలా?

నిన్న మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు పోయింది. వీధంతా ఒక్కసారి ఆగిపోయింది. వెనక నుంచి ఒకసారి పిలిచి చూద్దామనుకున్నాను. ఇంతలో కరెంటు వచ్చేసింది.

రెండు గంటల్లో 'ఇంతలో' ఏమిటో నాకే తెలియదు.

ఫిబ్రవరి 14

అలమేలక్క ఫోను చేసింది. పెళ్ళికి ముందు పక్క షెడ్డులో ఆరేళ్ళు మగ్గం నడిపిన మనిషి. అక్కడే పనికి వచ్చిన పాల్‌రాజ్ అన్నను ఇష్టపడి చేసుకుని వాళ్ళ కుప్పానికి, అంటే జాలర్ల పల్లెకు, వెళ్ళిపోయింది. పళవేర్కాడు సరస్సు, అదే పులికాట్, నడుమ ఒక చిన్న దీవి. నలభై ఇళ్ళు, ఒక చర్చి, ఒక నీళ్ళ ట్యాంకు. నన్ను రమ్మని మూడేళ్ళుగా పిలుస్తోంది. ఎర్ర రెక్కల కొంగలు దిగాయి, పూనారై అంటారు, పాపకు చూపిద్దువు గానీ రా అంది. సాయంకాలమైతే ఒకరి ఇంట్లో గరిటె పడితే నాలుగిళ్ళ అవతలికి తెలుస్తుందట.

ఫోను పెట్టేశాక ఆ గరిటె మాటే మనసులో తిరుగుతోంది. అలాంటి చోట పిలిస్తే తన్షిక తిరుగుతుంది. ఒక్కసారి తిరిగితే చాలు, వచ్చి ఆ చీటీ పొయ్యిలో పడేస్తాను.

తిరుగుతుందని నాకు తెలుసు. ఊరికే ఒకసారి చూసుకోవడం.

ఫిబ్రవరి 17

వెళ్ళడానికి బావ ఒప్పుకున్నాడు. కండెలు ఎవరు చుడతారని మొదట గునిశాడు. నాలుగు రోజులకు సరిపడా చుట్టి గంపలకెత్తి చూపించాను. అత్త మాత్రం నీళ్ళ మధ్యకు చంటిదాన్ని తీసుకెళ్ళడమేమిటని అలిగింది. వచ్చేటప్పుడు ఎండు రొయ్యలు తెస్తానంటే అలక సగం తగ్గింది.

ఫిబ్రవరి 19, బుధవారం. దీవి

తెల్లవారుజామున మొదటి బస్సు. తిరుత్తణిలో రైలు ఎక్కి, బేసిన్ బ్రిడ్జిలో మారి, పొన్నేరిలో దిగి, మళ్ళీ బస్సు. పళవేర్కాడు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. పాల్‌రాజ్ అన్న పడవతో కాచుకుని ఉన్నాడు. సన్నబడ్డాడు, నల్లబడ్డాడు, ముఖంలో మాత్రం మగ్గాల రోజుల నాటి చిరాకు లేదు.

కొంత దూరం ఇంజను మీద వెళ్ళాం. తరవాత లోతు లేదని ఇంజను ఆపి గడ వేశాడు. ఆపగానే నాకు భయం వేసింది. ఏదో చెడిపోయిందనుకున్నాను. చెడింది ఏమీ లేదు, చప్పుడు పోయింది, అంతే. నీళ్ళూ ఆకాశమూ ఒకటే రంగులో ఉన్నాయి. ఎక్కడ ఇది అయిపోయి అది మొదలవుతుందో తెలియలేదు. పడవ కదులుతోందో లేదో కూడా తెలియలేదు. తన్షిక నా ఒళ్ళో కూర్చుని నీళ్ళలో వేలు పెట్టింది. ఆ వేలి వెనక సన్నని గీత పడింది. ఆ గీతను చూసి కదులుతున్నామని తెలుసుకున్నాను.

ఈ బుధవారం కూడా పోయింది. నీళ్ళ మీద పోయింది కాబట్టి అంతగా బాధ లేదు.

అక్క వంటలో ఉంది. నా చెవుల్లో మగ్గం ఇంకా ఆడుతూనే ఉంది. ఇవాళ పిలిచి చూడలేదు. ప్రయాణం చేసి అలిసిపోయిన పిల్ల.

ఫిబ్రవరి 20

ఏం రాయాలో తెలియనంత సంతోషంగా ఉంది. మొదటి నుంచి రాస్తాను.

పొద్దున లేచి చూస్తే సరస్సు మధ్యలో మనుషులు నడుస్తున్నారు. నిద్ర మత్తేమో అనుకున్నాను. మోకాలి లోతేనట. ఆడవాళ్ళు వంగి బురదలో చేతులతో తడిమి రొయ్యలు పట్టి, పళ్ళతో కరిచి పట్టుకున్న బుట్టలో వేసుకుంటున్నారు. నోటి నిండా బుట్ట, మాట లేదు. ఒకరికొకరు కళ్ళతోనే చెప్పుకుంటున్నారు. ఇది మా షెడ్డే కదా అనిపించి నవ్వు వచ్చింది. వాళ్ళకు అవతల పూనారై. దూరానికి ఉతికి ఆరేసిన చీరల వరుసలా ఉన్నాయి. అన్నీ తలలు నీళ్ళలో పెట్టుకుని నిలబడ్డాయి.

ఇక్కడ కాలం ఎలా గడుస్తుందో పట్టుబడదు. ఏమీ చేయకుండా పొద్దెక్కుతుంది. అక్క ఇంటి ముందు ఇసకలో కూర్చుంటే నీడ మనల్ని దాటి అవతలికి వెళ్ళిపోతుంది. చేతులు మాత్రం ఊరుకోవు, లేని కండెను తిప్పుతూనే ఉంటాయి. మధ్యాహ్నానికి అవి కూడా ఊరుకున్నాయి. చెవుల్లో మగ్గం కూడా ఆగింది. ఎప్పుడు ఆగిందో చూసుకోలేదు.

అసలు సంగతి. పొద్దున తన్షిక నీళ్ళ ఒడ్డున ఎండ్రకాయ చిప్పలు పేరుస్తోంది. నాకూ దానికీ ఇరవై అడుగులు ఉంటుంది. చుట్టూ ఒక్క చప్పుడు లేదు. నేను గడపలో నిలబడి, తన్షూ, గంజి చల్లారిపోతోంది, రా అన్నాను. లేచింది. చేతులు దులుపుకుంది. వచ్చింది.

మళ్ళీ పదకొండు గంటలకు, ఎండలోకి వెళ్ళొద్దు అన్నాను. నీడలోకి జరిగింది. సాయంకాలం, ఆ చిప్పల్లో పెద్దది ఏదీ అన్నాను. పెద్దది ఎత్తి చూపించింది.

మూడుసార్లు. మగ్గం లేదు, బస్సు లేదు, ఏ గోలా లేదు. పిలిస్తే వచ్చింది. వంటింట్లోకి వెళ్ళి మొహం కడుక్కునే వంకతో కాసేపు ఏడ్చాను. డాక్టరమ్మ మీద ఇప్పుడు కోపం కూడా లేదు. రోజుకు వంద మంది పిల్లల్ని చూసే మనిషి, ఎక్కడో పొరపాటు పడి ఉంటుంది.

ఫిబ్రవరి 21, మధ్యాహ్నం

తన్షిక నిద్రపోతోంది. రాయకుండా ఉండలేను, రాయడానికీ చేయి రావడం లేదు.

పొద్దున అక్కకు అంతా చెప్పేశాను. చీటీ, జాడీ, బుధవారాలు, నిన్నటి మూడుసార్లు. అక్క ఇంటి ముందు కూర్చుని చిరిగిన వల కుడుతోంది, వీపు నా వైపు ఉంది. తన్షిక ఒడ్డున మా వైపు తిరిగి కూర్చుని ఉంది. నీకు కూడా చూపిస్తానని నేను గడపలో నిలబడి పాపను పిలిచాను. పాప లేచి, ఇసకలో అడుగులు వేసుకుంటూ వచ్చి నా కాళ్ళను చుట్టుకుంది. చూశావా అన్నాను అక్కతో.

అక్క వెనక్కి తిరిగి, "ఏం చూసేది?" అంది.

పిలిచాను కదా, వచ్చింది కదా అన్నాను.

"ఎప్పుడు పిలిచినావు?"

ఇప్పుడే అన్నాను. నా గొంతులో కొంచెం విసుగు ఉన్నట్టుంది. అక్క సూది పక్కన పెట్టింది. తరవాత పాపను చేత్తో మళ్ళీ ఒడ్డుకు పంపించి, ఇంకోసారి పిలవమంది. పిలిచాను. పాప వచ్చింది. ఈసారి అక్క పాపను చూడలేదు, నన్నే చూసింది.

"శోభనా," అంది మెల్లగా. "నోరు ఆడతా ఉండాది. సత్తం యాడ?"

చప్పుడు ఏదీ అంటోంది. ఎందుకలా అంటోందో నాకు అర్థం కాలేదు. అక్క లేచి వచ్చి నా గొంతు మీద చేయి పెట్టింది. పిలవమంది. నేను పాప వైపు చూసి పిలిచాను. అక్క చెయ్యి అక్కడే ఉంది. నా గొంతు కదల్లేదు. ఆ సంగతి అక్క చెయ్యి కన్నా ముందు నాకే తెలిసింది. పెదవులు కదిలాయి, గాలి వచ్చింది, చేయి దానంతటదే లేచి రమ్మంది. గొంతు లేదు.

ఆ గోలలో గొంతు ఎంత పెట్టినా వృథా కాబట్టి షెడ్డులో అందరం గొంతు మానేసి పెదవులతోనే మాట్లాడతాం. అది తెలిసిందే. కానీ అక్కతో మాట్లాడితే నాకు గొంతు వస్తుంది. ఫోన్లో వస్తుంది. అత్తతో తగువు పడితే వీధి చివరికి వినబడుతుందని బావ అంటాడు. పాప వైపు తిరిగితే మాత్రం రాదు. నాలుగేళ్ళు. పక్కన పడుకోబెట్టుకుని చెప్పిన కథలన్నీ అలాగే చెప్పానా? జోల కూడా?

అక్క నన్ను కూర్చోబెట్టి తన సంగతి చెప్పింది. "కొత్తలో నాకూ ఇట్లనే. మా అత్త నన్ను పలకరిస్తే నేను నోరు మాత్రమే ఆడిస్తా ఉంటిని. కొడుకు మూగదాన్ని కట్టుకొచ్చినాడని ఆమె రెండు నెలలు ఏడ్చింది. నీ తప్పు కాదుమ్మే. నువ్వు గొంతు లేకుండా పిలిస్తివి, ఆ బిడ్డ చెవి లేకుండా వచ్చింది. ఇద్దరికీ సరిపోయింది, అందుకే తెలీలా."

తరవాత అక్క చెప్పినట్టే చేశాను. పాప ఒడ్డున సరస్సు వైపు తిరిగి కూర్చుని ఉంటే వెనకగా వెళ్ళి నిలబడ్డాను. నా నీడ దాని మీద పడకుండా అక్క నన్ను పక్కకు జరిపింది. పిలిచాను. మొదటిసారి గొంతు బొంగురుగా, ఎవరిదో అన్నట్టు వచ్చింది. రెండోసారి బలంగా వచ్చింది. మూడోసారి పొట్టలోంచి అరిచాను. నీళ్ళలో దూరంగా ఉన్న పూనారై తలలు పైకెత్తాయి. ముందు నాలుగు లేచాయి, వాటి వెనక మొత్తం గుంపు లేచింది. ఆకాశం సగం ఎర్రబడింది. వలలు ఆరేస్తున్న మగవాళ్ళు ఇటు తిరిగి చూశారు. ఎవరి ఇంట్లోనో కుక్క మొరిగింది.

తన్షిక చిప్పలు పేరుస్తూనే ఉంది.

పక్షుల నీడలు ఇసక మీద పరిగెత్తాక తలెత్తింది. చూసి, రెండు చేతులూ పైకి చాపి, అమ్మకు చూపించాలని వెనక్కి తిరిగింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. దానికి ఎంత సంతోషమో. అది పిలవకుండానే నేను అక్కడ ఉన్నానని.

ఫిబ్రవరి 22

నాకు తెలుసేమో. నాలుగేళ్ళలో ఏదో ఒక రోజు గొంతుతో పిలిచి ఉంటాను, అది తిరగకపోయి ఉంటుంది, ఆ రోజు నుంచి గొంతు మానేశానేమో. గుర్తు లేదు. గుర్తు లేదని రాయడం కూడా నమ్మబుద్ధి కావడం లేదు.

ఫిబ్రవరి 22, సాయంకాలం

పాల్‌రాజ్ అన్న మమ్మల్ని పడవలో చుట్టూ తిప్పాడు. అన్నకు అక్క చెప్పే ఉంటుంది. గడ వేస్తూ తన్షికకు నీళ్ళలో బుడగలు చూపించాడు. అది పడవ చెక్కకు చెంప ఆనించి పడుకుంది. అడుగున నాచు దువ్వినట్టు ఒకే వైపుకు వాలి ఉంది. దాని మీద మా పడవ నీడ, నీడలో చిన్న చిన్న చేపలు. ఇలాగే వెళ్తూ ఉండి, బుధవారమనేది లేని చోటికి చేరితే బాగుండుననుకున్నాను. అవతలి ఒడ్డు ఆంధ్రా అని అన్న చెయ్యి చూపించాడు. నాకు ఒడ్డే కనిపించలేదు.

ఇవాళంతా పాపతో గొంతుతో మాట్లాడుతున్నాను. దానికి ఉపయోగం లేదని తెలుసు. అయినా మానలేదు. అది నా ముఖం కేసి వింతగా చూస్తోంది. గొంతు పెడితే నా పెదవులు వేరేగా కదులుతాయి కాబోలు, మాట అందక రెండుసార్లు తల అడ్డంగా ఊపింది.

ఫిబ్రవరి 23, ఆదివారం. రైల్లో

పొద్దున చర్చికి తీసుకెళ్ళారు. ముప్పై మంది ఉంటారు. ఒక పాట తెలుగులో, ఒకటి తమిళంలో. తన్షిక బెంచీ మీద నిలబడి వెనక్కి తిరిగి అందరి నోళ్ళనూ చూసింది. అన్నీ ఒకేసారి తెరుచుకోవడం, ఒకేసారి మూసుకోవడం. దానికి ఎంత నచ్చిందో చెప్పలేను. తనూ నోరు తెరిచింది, మూసింది. ఒక్కచోట కూడా తప్పలేదు. ముందు వరసలో ఒక ముసలామె ఎంత బాగా పాడుతోందో చూడండి అంది. అక్క నా చెయ్యి పట్టుకుంది.

పడవ ఎక్కించేటప్పుడు అక్క ఒకటే మాట అడిగింది, బావకు చెబుతావా అని. చెబుతానన్నాను. ఎండు రొయ్యల పొట్లం చేతిలో పెట్టింది.

ఫిబ్రవరి 25

చెప్పలేదు. బావ కొత్త పడుగు ఎక్కిస్తున్నాడు. రెండు రోజులు తల ఎత్తడు.

ఇంటికి వచ్చి హాల్లో అడుగు పెట్టగానే పెదవులు వాటంతటవే పాత పనిలో పడ్డాయి. తన్షిక ప్రాణం లేచి వచ్చినట్టు ఒక్కొక్క మగ్గం దగ్గరికీ వెళ్ళి, అందరి మాటలూ అందుకుని, నవ్వుతోంది. దీవిలో అందరూ గొంతుతోనే మాట్లాడారు, నాలుగు రోజులూ అది నోరెత్తని వాళ్ళ మధ్య ఉన్నట్టే ఉండి ఉంటుంది. దాని ఊరు ఇదే.

ఫిబ్రవరి 26, బుధవారం

శివరాత్రి. అత్తను గుడికి తీసుకెళ్ళవలసి వచ్చింది. నేను వెతుక్కోవలసిన సాకు ఈసారి దేవుడే ఇచ్చాడు.

ఫిబ్రవరి 27

చెప్పలేదు.

మార్చి 1

అత్త రొయ్యల పులుసు పెట్టింది. బాగుంది. బావ మూడుసార్లు వడ్డించుకున్నాడు. ఆ సమయంలో చెప్పి ఉండవచ్చు. మంచి సమయాలు చెడగొట్టకూడదని ఊరుకున్నాను, చెడ్డ సమయాల్లో ఎలాగూ చెప్పలేను.

చెబితే ఏమవుతుంది? అత్త ఏడుస్తుంది, సొంతంలో చేసుకోవడం వల్లేనని వీధి అంటుంది, బావ ఏమీ అనడు. ఆ ఏమీ అనకపోవడమే నాకు భయం. ఇంతకాలం దాచినందుకు నా మొహం చూడడేమో. పాప తల కోసి మిషను పెట్టడమంటే ఒప్పుకోడేమో. ఒప్పుకోకపోతే నేను ఒక్కదాన్నే ఏం చేయగలను? ఆసుపత్రిలో తండ్రి సంతకం కూడా అడుగుతారట.

మార్చి 2, ఆదివారం

అక్క ఫోను. నేను పని ఒత్తిడి అని మొదలుపెట్టాను. అక్క మధ్యలోనే ఆపింది.

"నేను కోపంగా చెప్పటం లేదు శోభనా. ఒక్కొక్క బుధవారం పోతా ఉంటే ఆ బిడ్డ నోట్లోనించి ఒక్కొక్క మాట పోతా ఉందని అనుకో. ఎన్ని పోయినాయో లెక్కెందుకు, ఇంకొకటి పోనీయొద్దు."

చింతపండు జాడీ వెనక నుంచి చీటీ తీశాను. ఒక మూల తడిసి మరక పడింది. అక్షరాలు బాగానే ఉన్నాయి.

మార్చి 4, మంగళవారం

చెప్పేశాను. ఎలా జరిగిందో అలాగే రాస్తాను.

మధ్యాహ్నం మూడు గంటలు. నాలుగు మగ్గాలూ ఆడుతున్నాయి. బావ మొదటి దాని దగ్గర, నేను నాలుగో దాని దగ్గర. అత్త గోడ వార కండెలు చుడుతోంది, తల వంచుకుని ఉంది. గొంతుతో చెప్పాలంటే మగ్గాలు ఆపాలి, ఎందుకు ఆపావని అడుగుతారు, అందరూ వింటారు. నాకంత ధైర్యం లేదు. పెదవులతో అయితే బావకు ఒక్కడికే చెప్పవచ్చు. చెయ్యి ఊపి ఇటు చూడమన్నాను. చూశాడు.

పాపకు వినబడదు అన్నాను.

ఏమిటి అన్నాడు.

మళ్ళీ చెప్పాను. దీవిలో అరిచి చూశానని చెప్పాను. డాక్టరు చీటీ ఇచ్చింది, నేను దాచాను, నెల దాటింది అన్నాను. రేపు బుధవారం అన్నాను. బావ దారం తెగినా చూసుకోలేదు, ఆ మగ్గం ఊరికే ఆడుతోంది. నా నోటినే చూస్తూ నిలబడ్డాడు.

మా ఇద్దరి మధ్య నూలు మూట మీద తన్షిక కూర్చుని ఉంది. అత్తకు తెలియకూడదని పెదవులతో చెప్పాను. ఈ ఇంట్లో ఆ భాష అందరికన్నా బాగా వచ్చింది ఎవరికో మరిచిపోయాను. అది నన్ను చూసింది, వాళ్ళ నాన్నను చూసింది. మొత్తం అందుకుంది.

ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది.

షెడ్డులో ఒకరి మాట అందకపోతే చెవి తాకి చెయ్యి ఆడిస్తాం, వినబడలేదు, మళ్ళీ చెప్పు అని. రోజుకు వందసార్లు ప్రతి ఒక్కరం చేస్తాం. తన్షిక నన్ను వేలితో చూపించి తన చెవి తాకి చెయ్యి ఆడించింది. అమ్మకు వినబడదు. నాన్నను చూపించి మళ్ళీ అలాగే చేసింది. నాన్నకు వినబడదు. నానమ్మను చూపించింది. నానమ్మకూ వినబడదు. ఆఖరికి తన గుండె మీద చెయ్యి వేసుకుని, తనకూ వినబడదని చూపించి, ఇంత చిన్న సంగతికి మీ మొహాలు అలా ఎందుకున్నాయి అన్నట్టు మమ్మల్నిద్దరినీ చూసింది.

అందరూ తనలాగే అనుకుంది. నాలుగేళ్ళూ ఈ ఇంట్లో ఎవరికీ వినబడదనే అనుకుంది.

బావ వెళ్ళి మెయిను దించాడు. మగ్గాలు ఒకదాని వెనక ఒకటి ఆగాయి. అత్త తలెత్తి ఏమైందిరా అంది. బావ వచ్చి తన్షిక ముందు గొంతుక్కూర్చున్నాడు. తన చెవి తాకి, తల నిలువుగా ఊపాడు. నాన్నకు వినబడుతుంది. అత్తను చూపించి ఊపాడు. నన్ను చూపించి ఊపాడు. బావ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, చేతులు మాత్రం తప్పు లేకుండా చెబుతున్నాయి.

తన్షిక నమ్మలేదు. నాన్న ఆట పట్టిస్తున్నాడేమోనని నా వైపు తిరిగింది. నిజమే అన్నాను. కిటికీలోంచి కనబడుతున్న ఎదురింటి వాళ్ళను చూపించింది. వాళ్ళకూ వినబడుతుంది అన్నాను. బాల్వాడి వైపు చెయ్యి చాపింది. అక్కడ అందరికీ అన్నాను. ఇక చూపించడానికి ఎవరూ మిగల్లేదు. తన గుండె మీద మళ్ళీ చెయ్యి వేసుకుని ఆగింది.

నేను తల అడ్డంగా ఊపాను. రేపు డాక్టరు చూస్తుంది అన్నాను. గొంతుతో అన్నానో లేదో నాకు తెలియదు.

అది మూట దిగి నా దగ్గరికి వచ్చింది. కూర్చోమని నా భుజం నొక్కింది. జుట్టు పక్కకు తోసి, నా చెవిని రెండు చేతులతో పట్టుకుని, లోపల ఏముందో చూద్దామని కన్ను ఆనించింది. చాలాసేపు అలాగే చూసింది. నేను కదలకుండా కూర్చున్నాను.

రేపు తెల్లవారి మొదటి బస్సుకు వెళ్తున్నాం. బావ కూడా వస్తానన్నాడు.